దూది ఎర్రబడింది

పొద్దున్నే యంత్రాలకు పూజ, పదింటికి బొంబాయి ఆఫీసరమ్మ తనిఖీ, ఆ వెంటనే చెరుకు క్రషింగ్, మధ్యాహ్నం అందరికీ చక్రపొంగలితో భోజనాలు. తొంభై ఎనిమిదిలో, దివిసీమలోని ఓ చక్కెర ఫ్యాక్టరీలో సేఫ్టీ ఇన్‌ఛార్జి బుచ్చిరాజు వేసుకున్న ప్లాను ఇదీ. ఆవిడ సంతకం పెట్టకపోతే క్రషింగ్ లేదు. గేటు బయట ట్రాక్టర్లలో చెరుకు వాడిపోతోంది, రైతులు ఆయన్నే చూస్తున్నారు.

రసం తొట్టికి బిగించిన సీసపు పెట్టెలో ఓ చిన్న రేడియోధార్మిక గుళిక ఉంది. తొట్టిలో రసం మట్టం ఎంతో చెప్పడం దాని పని, అది భద్రంగా ఉందో లేదో చూడ్డం ఆఫీసరమ్మ పని. లోపలి పదార్థం రవ్వంత కూడా బయటికి రాకుండా శాశ్వతంగా మూసి ఉంటేనే దాన్ని సీల్డ్ సోర్సు అనాలని రూలు. ట్రైనింగులో బట్టీపట్టిన ఆ నిర్వచనాన్ని బుచ్చిరాజు కనపడ్డవాడికల్లా అప్పజెప్పేవాడు. "తడి దూదితో పెట్టెని తుడిచి చూస్తారు. దూదికేమైనా అంటిందా, ఇక అది సీల్డ్ కాదు!" అని బెదిరించేవాడు కూడా. పాపం, ఆయన ఎదురొస్తే జనం పక్కదారి పట్టేవారు.

పూజకు బొట్లు పెట్టింది ఊడ్చే వీరలక్ష్మి. బాయిలరుకు పెట్టింది, పంపులకు పెట్టింది, సీసపు పెట్టె దగ్గర ఆగింది. ముట్టుకోవద్దని బోర్డుంది. "అన్నిటికీ పెట్టి దీన్నొక్కదాన్నీ వదిలేస్తే ఏం బావుంటుంది!" అనుకుని, ఎవరికీ కనపడకుండా అడుగున నిండుగా కుంకుమ అద్దింది.

పదింటికి ఆఫీసరు తనూజ వచ్చింది. పుల్లకు తడి దూది చుట్టి పెట్టె అడుగంతా తుడిచి, రేడియేషన్ కొలిచే మీటరు తీద్దామని బ్యాగువైపు తిరిగింది. మేనేజరు పిచ్చేశ్వరరావు కళ్లు దూది మీద పడ్డాయి.

"బుచ్చిరాజు గారూ! అంటింది! ఎర్రగా అంటింది! ఇప్పుడది సీల్డేనా, కాదా? ఒక్క ముక్కలో చెప్పండి!"

బుచ్చిరాజు వంగి దూదిని చూశాడు. "నిర్వచనం ప్రకారం... కాదండీ!"

మేనేజరు సైరన్ నొక్కేసి గేటు దాటేశాడు. బాయిలరు పేలుతోందని కొందరు, గ్యాసు లీకైందని కొందరు పరుగులంకించుకున్నారు. వంటవాళ్లు పొంగలి పొయ్యిమీదే వదిలేశారు. ట్రాక్టర్లు చెరుకుతో సహా వెనక్కి తిరిగాయి.

"ఏవైందండీ?" అంది బుచ్చిరాజుకి ఎదురొచ్చిన వీరలక్ష్మి.

"పెట్టె కారింది! దూది ఎర్రబడింది!"

ఆవిడ తన చేతులు చూసుకుని లబోదిబోమంది. "అయ్యో రామా! నా చేతులూ ఎర్రగానే ఉన్నాయండీ! కడిగినా పోవట్లేదు!"

తనూజ మీటరు తెచ్చి ముందు దూదికి, తర్వాత ఆ చేతులకు పట్టింది. ముల్లు కదలలేదు.

"పొద్దున ఈ చేతులతో ఏం చేశారమ్మా?"

"బొట్లు పెట్టానండీ..."

"ఈ పెట్టెక్కూడానా?"

వీరలక్ష్మి నాలిక కరుచుకుంది. పెట్టె శుభ్రం చేసి మళ్లీ తుడిస్తే దూది తెల్లగా వచ్చింది, మీటరూ పలకలేదు. బుచ్చిరాజు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే, ఇంత రభస చూసిన ఆఫీసరు సంతకం పెడుతుందా అని అనుమానమొచ్చింది.

"మా అనుమతి పోయినట్టేనాండీ?"

"పోయేదే. ప్రమాదమొస్తే జనాన్ని ఖాళీ చేయించే రిహార్సలు ఈ ఏడు మీరు చెయ్యలేదు. అదయ్యాకే సంతకం అని చెప్పబోతున్నా. ఈలోగా చేసి చూపించారుగా! ఇంత తొందరగా ఖాళీ అయిన ఫ్యాక్టరీని నేనెక్కడా చూళ్లేదండీ" అంటూ ఆవిడ నవ్వుతూ సంతకం పెట్టేసింది.

బుచ్చిరాజు గేటు దగ్గరికి పరుగెత్తి రైతుల్ని కేకేశాడు. ట్రాక్టర్లు తిరిగొచ్చాయి, సాయంత్రానికల్లా తొట్టిలోకి రసం దూకింది, మాడిన పొంగలి కూడా అందరికీ అమృతంలా ఉంది.

ముందుండి జనాన్ని నడిపించినందుకు ఆఫీసరమ్మ మేనేజరు గారిని ప్రత్యేకంగా అభినందించాలనుకుంది గానీ, అందుకు ఆయన్ని అవనిగడ్డ బస్టాండు నుంచి పిలిపించాల్సి వచ్చింది.