లక్క సీలు వేసిన మందుల పెట్టె

అడవికి వెళ్లేటప్పుడు మందుల పెట్టె తప్పకుండా పట్టుకెళ్లాలి. దానికి గుడ్డ చుట్టి, గుడ్డ మీద లక్కతో సీలు వేసి మరీ పట్టుకెళ్లాలి! సీలు లేని పెట్టె ఎంత ప్రమాదమో తెలుసా? అందులో మందులు ఎవరైనా వాడేయగలరు!

ఈ రహస్యం తెలిసిన మహానుభావుడు లాల్‌దర్వాజాలో అద్దెకుండే శ్రీహరిరావు. బందరు నుంచి వచ్చి సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, మూడు రోజుల ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగు కూడా పూర్తిచేశాడు. అందుకే డెబ్బై నాలుగు ఏప్రిల్లో ఆఫీసు వాళ్లంతా అనంతగిరి అడవికి పిక్నిక్ బయల్దేరితే, పెట్టె ఆయన చేతికే వచ్చింది. సూపరింటెండెంటు వైకుంఠం తాను రాలేదు గానీ షరతు పంపాడు: తన సంతకం లేనిదే సీలు తీయకూడదు. జూన్లో శ్రీహరిరావుకు ప్రమోషను రావాలి. ఇక సీలు చెదరనిస్తాడా?

జబ్బును గుర్తుపట్టడంలో ఆయనకు సాటి లేరు. టైపిస్టు బాబురావు కాలు మడతపడి కూలబడగానే చూసి, "బెణుకండీ. ఎముక విరగలేదు. గట్టిగా కట్టు కట్టాలి," అన్నాడు.

"గట్లయితే కట్టుండ్రి సార్! ఇంకేంది లొల్లి?" అని బాబురావు మూలిగాడు.

"కట్టు పెట్టెలో ఉందండీ. సీలు!"

చివరికి అటెండరు ఎల్లప్ప తన తలపాగా చింపి కట్టాడు. ఇంకొకాయనను తేనెటీగ కుట్టింది. ముల్లు ఎక్కడుందో శ్రీహరిరావు చూపించాడు, ఎల్లప్ప గోటితో గీకి తీశాడు. చూశారా, ఒక్క సీలు వల్ల మందులు ఎంత మిగిలాయో!

మిట్టమధ్యాహ్నమైంది. కింద పెడితే ఎవరు తెరుస్తారోనని ఆయన పెట్టెను రెండు చేతులా వాటేసుకుని ఎండలో తిరిగాడు. నీళ్లు తాగుదామంటే చేయి ఖాళీ లేదు. కాసేపటికి ఒళ్లు కాలిపోయింది, చెమట ఆగిపోయింది. బాబురావును పట్టుకుని, "వైకుంఠం గారూ, సంతకం!" అన్నాడు. ఆ వెంటనే, "ఇది వడదెబ్బ," అని తన జబ్బు తానే గుర్తుపట్టి దబ్బున పడిపోయాడు.

"నీడకు తీస్కరాండ్రి! అంగీ ఇప్పి, తువ్వాల తడిపి కప్పుండ్రి!" ఎల్లప్ప అరిచాడు. ఎవరో నోట్లో నీళ్లు పోయబోతే చేయి గుంజేశాడు. "సోయి లేనోళ్లకు పోస్తే ఊపిరాడక పోతరు. ఆగు భాయ్!"

చాలాసేపు విసిరాక శ్రీహరిరావు కళ్లు తెరిచాడు. ఇక గ్లూకోజు నీళ్లు తాగించాలి. గ్లూకోజు పెట్టెలో ఉంది. ఆఫీసు ఆఫీసంతా సీలు వైపు చూస్తూ నిలబడింది.

"సారే పోయినంక సీలేం జేస్కుంటం?" అంటూ ఎల్లప్ప రాయి తీసుకుని లక్క పగలగొట్టాడు.

ఒక్కో గుక్కా తాగి శ్రీహరిరావు బతికాడు. పగిలిన సీలు చూసి, ఎల్లప్ప చేయి పట్టుకుని బావురుమన్నాడు. బతికినందుకో, ప్రమోషను పోయినందుకో ఎవరికీ తెలియలేదు.

సోమవారం మెమో వచ్చింది: సీలు ఎందుకు పగిలింది? "ఆ సమయమున నాకు స్పృహ లేదు," అని జవాబు రాశాడు. వైకుంఠం దాని మీద ఎర్రసిరాతో రాశాడు: "స్పృహ తప్పబోవుటకు ముందే లిఖితపూర్వకముగా అనుమతి పొందవలసినది."

ప్రమోషను జూన్లోనే వచ్చింది, వేరే ఆయనకు. మరుసటి ఏడు పిక్నిక్‌కు శ్రీహరిరావు మందుల పెట్టె అడగలేదు, ఎల్లప్పను వెంట పంపమని అడిగాడు. మనుషులదేముంది లెండి, ఇవాళ ఉంటారు, రేపు పోతారు! పెట్టె మాత్రం కొత్త సీలుతో ఆఫీసు బీరువాలో నీడపట్టున ఉంది. దాని ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉంది.