నల్ల శాలువా, పసుపు స్వెటర్

"ఇంగ్లీషు రాదన్న ఒకే ఒక్క కారణంతో ఈ కౌంటీలో ఎవరూ దిగులుపడే హక్కు కోల్పోకూడదు" అని కమిషనర్ పెలమ్ గారు మా చేపల రేవులో ప్రకటించారు. గాలికి టై మొహాన కొడుతున్నా లెక్కచెయ్యలేదు. ప్రకటన ఇంగ్లీషులో చేశారు. ఎదురుగా ఉన్నది అజోర్స్ దీవుల నుంచి వచ్చి ఇక్కడ వలలు లాగుతూ స్థిరపడ్డ పోర్చుగీసు జనం, అంటే మేము. మాలో చాలామందికి ఇంగ్లీషంటే గుడ్‌మార్నింగూ, ఓకే బాసూ. అయినా చప్పట్లు కొట్టాం. అంత పెద్దమనిషి చలిలో నిలబడితే కొట్టకపోవడం మర్యాద కాదు.

నా పేరు బెంటో. రేవు వీధి మూలమీద రొట్టెల కొట్టు నాదే. కనుక కమిషనర్ గారి దూరదృష్టి మొత్తం గాజు కిటికీలోంచి చూసే అదృష్టం నాకు దక్కింది.

పథకం పేరు 'మనసు విప్పండి'. ముందు రోగుల్ని కనిపెట్టాలి. ఆ భారం డైరెక్టర్ టటిల్ మేడమ్ మీద పడింది. అడిగి తెలుసుకుందామంటే భాష అడ్డు. అందుకని ఆవిడ కారు దిగకుండానే వీధంతా సర్వే చేశారు. మాలో మొగుడు పోయిన ఆడది కాటికి పోయేదాకా నల్లబట్టలే కడుతుంది. రేవన్నాక అలాంటివాళ్లకు కొదవేముంది, మేడమ్‌కి వీధి పొడుగునా నల్లగా కనిపించింది. "ఇంత విషాదమా" అని కళ్లొత్తుకున్నారట. రొట్టెకొచ్చిన డ్రైవరు చెప్పాడు.

ఆ వారం నుంచి బుధవారం బుధవారం వ్యాను వచ్చి మా నల్లబట్టల ఆడవాళ్లను క్లినిక్కుకి తీసుకుపోయింది. అందరికన్నా ముందెక్కింది ఇదలీనత్త. ముప్పై ఏళ్లుగా నలుపు కడుతోంది. పేకాటలో ఆవిడ చేసినంత మోసం ఈ రేవులో ఇంకెవరూ చెయ్యలేరు.

"ఏం చేస్తారత్తా అక్కడ?" అనడిగాను.

"వెచ్చగా ఉందిరా. కాఫీ ఇస్తారు, బిస్కట్లిస్తారు. టీవీలో దుబాసీ పిల్ల ఒకతె కనబడి మన భాషలో ఎలా ఉన్నారంటుంది. మోకాళ్లు నొప్పన్నాను. రాసుకుంది."

"దిగులుందా అని అడగలేదా?"

"అడిగింది. మా ఆయన పోయాక లేదన్నాను. పాపం, అన్నీ కడుపులో దాచుకుంటున్నానని ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. వచ్చే వారం కూడా రమ్మంది."

ఇలా పథకం మూడు పువ్వులూ ఆరు కాయలుగా సాగుతుండగా ఒకరోజు దియోలిందా నా కొట్టుకొచ్చి, ఎందుకొచ్చిందో మర్చిపోయి నిలబడింది. మొగుడు ఉర్బానో వారాల తరబడి పడవ మీద ఉంటాడు. ఒకప్పుడు ఈ వీధిలో ఎవరింట్లో పెళ్లయినా పాట ఈ పిల్లదే.

"కూరలో ఉప్పు వేశానో లేదో నాలుక చెప్పడంలేదు బెంటో" అంది. "నిద్ర లేదు. ఆయన పడవెక్కితే భయమనుకున్నా. ఇంటికొచ్చినా పట్టడంలేదు. నిన్న రేవు చివర నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు."

కొట్టు మూసి క్లినిక్కుకి తీసుకెళ్లాను. మేడమ్ స్వయంగా వచ్చి చూశారు. కొట్లో బేరాలతో అబ్బిన ఇంగ్లీషుతో నేనే మాట్లాడాను.

"ఈమెకేం? శుభ్రంగా ఎర్రపూల జాకెట్టు వేసుకుంది."

"మొగుడు సముద్రం మీద ఉన్నాడు మేడమ్. పెళ్లాం నలుపు కడితే వాడి చావు కోరినట్టు. ఈమెకి దిగులు."

"ఆ మాట ఆమె చెప్పాలి."

"చెబుతుంది, మా భాషలో."

"అయితే దుబాసీ కావాలి."

"అదే అడుగుతున్నాం."

"దుబాసీ కావాలని రోగే స్వయంగా ఇంగ్లీషులో అడగాలి. పక్కవాళ్లు అడిగితే గోప్యత దెబ్బతింటుంది."

"ఇంగ్లీషే వస్తే దుబాసీ దేనికి మేడమ్?"

"చూశారా, మీకే అర్థమైంది" అని మేడమ్ నన్ను మెచ్చుకున్నారు. పైగా బుధవారాలన్నీ తీవ్రమైన కేసులతో నిండిపోయాయన్నారు. లోపలి గదిలో తీవ్రమైన కేసు ఒకటి పకపకా నవ్వుతూ పేకముక్కలు పంచుతోంది.

"ఏమన్నారు?" అంది దియోలిందా.

"బాగున్నావన్నారు."

"అందరూ అదే అంటున్నారు."

సంగతి విని ఇదలీనత్త తన శాలువా తీసి ఇవ్వబోయింది. "కప్పుకో పిల్లా. ఇది క్లినిక్కు కోసమని దేవుడికి నేను చెబుతాలే." దియోలిందా ఆ శాలువా ముట్టుకోనైనా లేదు.

ఇంతలో ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఇన్ని బిస్కట్లు తిన్నా మా ఆడవాళ్లు నలుపు విప్పలేదని తేలింది. అధికారులంతా తలలు పట్టుకున్న ఆ గడియలో కమిషనర్ గారే మందు కనిపెట్టారు: పసుపు స్వెటర్లు. చర్చి హాల్లో సభ పెట్టి, ఆ సభతో పథకం విజయవంతంగా ముగుస్తుందని చాటించారు. ఆడవాళ్లు స్వెటర్లు నలిపి చూశారు. ఉన్ని మంచిది. నల్లబట్టల మీదే తొడుక్కున్నారు. హాలంతా చామంతులు పూచినట్టయింది, ఫొటోలు తీశారు.

అప్పుడు దియోలిందా లోపలికి వచ్చింది. ఒంటిమీద ఇదలీనత్త శాలువా. ఆ పూటతో పథకం మూతపడుతుందని తెలిసి, పొద్దున్నే అత్త దగ్గరికెళ్లి తనే అడిగి తీసుకుందట. తిన్నగా కమిషనర్ గారి ముందుకెళ్లి, నా దగ్గర వారం రోజులు వల్లెవేసిన ఇంగ్లీషు ముక్క అప్పజెప్పింది. "నాకు మాట్లాడాలని ఉంది. నాకు దుబాసీ కావాలి."

కమిషనర్ గారు పొంగిపోయారు. "విన్నారా ఆ ఇంగ్లీషు" అని సభకేసి తిరిగారు. "ఈ సోదరికి ఇక మా పథకంతో పనిలేదు." ఆమెకి తన చేత్తో స్వెటర్ తొడిగారు. దుబాసీ తప్ప అన్నీ ఇచ్చి పంపారు.

దియోలిందా ఆ స్వెటర్ విప్పి కుర్చీమీద పెట్టింది. నల్ల శాలువా కప్పుకుని వీధి మధ్యనుంచి ఇంటికి నడిచింది.

సభకి రానివాళ్లు వీధిలో చాలామందే ఉన్నారు. నలుపు చూశారు. పడవ మునిగిందనుకున్నారు. ఇక మావాళ్లకి ఎవరూ ఏదీ చెప్పనక్కర్లేదు. నిమిషాల మీద మనిషి తర్వాత మనిషి ఆ ఇంట్లో చేరారు. ఒకామె పొయ్యి దగ్గర నిలబడింది, ఒకామె జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది. రొట్టెమీద పోసి పుదీనా వేసే మాంసం పులుసు పెద్ద గుండిగలో వచ్చింది. ఉర్బానో బతికే ఉన్నాడని తెలిసి కూడా రొట్టెలు నేనే మోసుకెళ్లాను.

"ఆయన పోలేదమ్మా" అంది దియోలిందా.

"అవును తల్లీ, మొదట్లో అలాగే ఉంటుంది" అన్నారు.

ఆపైన ఆ పిల్ల నోరు తెరిచింది. ఉప్పు సంగతి చెప్పింది. రేవు చివర నీళ్ల సంగతి చెప్పింది. ధైర్యంగా ఉండమని ఒక్కరూ అనలేదు. మావాళ్లలో చావింట్లో ఆ మాట తప్పు. చెయ్యి పట్టుకుని విన్నారు. సభనుంచి వచ్చిన ఇదలీనత్త గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, సంగతి గ్రహించి, పసుపు స్వెటర్ విప్పేసి పక్కన చేరింది. దియోలిందా ఆవిడ ఒళ్లో తలపెట్టి చాలాసేపు ఏడ్చింది.

దీపాలు పెట్టేవేళకి ఉర్బానో భుజాన సంచితో వచ్చాడు. మెట్లనిండా మగవాళ్లం, చేతుల్లో పులుసు గిన్నెలు. పక్కింటి టీవీలో కమిషనర్ గారు రేవు వీధిలో దిగులన్నది సమూలంగా పోయిందని చెబుతున్నారు.

"ఎవరు పోయారు బెంటో?" అన్నాడు మెల్లగా, టోపీ తీసి.

"నువ్వే" అన్నాను.

వాడు నోరు తెరిచేలోగా కిటికీలోంచి ఇదలీనత్త వేలు చూపించింది.

"అరిచావంటే ఊరుకోను. ఇప్పుడే నిద్ర పట్టింది పిల్లకి. తెల్లారేదాకా చచ్చినట్టే పడి ఉండు."

ఉర్బానో సంచి దించి, మెట్టు మీద నా పక్కన సర్దుకు కూర్చుని గిన్నె అందుకున్నాడు.