మాస్టారి వద్దు

ఆదివారం పొద్దున్నే డ్రాయింగ్ మాస్టారు అద్దం ముందు నిలబడి "వద్దు" అనడం సాధన చేస్తున్నారు. సూపర్ మార్కెట్టు నుంచి సబ్బులు కొనుక్కురావడం ఆ పూట పని. కొనడానికేం, ఎవరైనా కొంటారు. డబ్బు కట్టేచోట కౌంటరు అమ్మాయి "అనాథ పిల్లల కోసం పైచిల్లర ఉంచేయమంటారా?" అని నవ్వుతూ అడుగుతుంది చూడండి, అక్కడుంది చిక్కంతా. మాస్టారి నోట 'వద్దు' అన్నమాట వచ్చిన పాపాన పోలేదు. పోయిన వారం సబ్బులకంటే దానమే ఎక్కువైంది.

బ్యాంకులో పనిచేసే భార్య పర్సు చేతికిస్తూ తేల్చి చెప్పేసింది. "ఇవాళ గనక మళ్ళీ మొహమాటపడ్డారో, రేపట్నుంచి పర్సు నా దగ్గరే. బస్సు చార్జీకి కూడా నన్నే అడగాలి." ఈ వయసులో పెళ్ళాం ముందు చెయ్యి చాపడమా అనుకుంటూ మాస్టారు షాపుదాకా దారిపొడవునా 'వద్దు' వల్లించుకున్నారు.

కౌంటరు అమ్మాయి అడగనే అడిగింది. మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకుని "వద్దు" అనేశారు. అక్కడితో సబ్బులు పుచ్చుకుని వచ్చేస్తే గొడవే లేదు. ఆ పిల్ల మొహం చిన్నబోయేసరికి ఆయన ప్రాణం ఉసూరుమంది. "ఏమనుకోకమ్మా, ఈ నెల కాస్త ఇబ్బందిగా ఉంది" అని ఓ చిన్న అబద్ధం అతికించారు.

అడిగినదానికల్లా తలూపే మాస్టారే వద్దన్నారంటే, అదీ కళ్ళు మూసుకుని అన్నారంటే, ఇంట్లో పొయ్యి వెలిగి ఎన్నాళ్ళయిందో అనుకుందా పిల్ల. వెళ్ళి మేనేజరు చెవిన వేసింది. అతగాడు చిన్నప్పుడు మాస్టారి దగ్గర ఏనుగు బొమ్మ దిద్దుకున్నవాడాయె. మైకు అందుకుని, పేరు చెప్పకుండా, కష్టంలో ఉన్న ఒక గురువుగారిని ఆదుకుందామని ప్రకటించాడు. పేరు చెప్పకపోతేనేం, సబ్బులు గుండెలకి హత్తుకుని నిలబడ్డ పెద్దమనిషి షాపంతటికీ ఒక్కరే. వెనకున్నావిడ తన బుట్టలోంచి నూనె ప్యాకెట్టు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఇంకొకాయన ఏకంగా బియ్యం బస్తా కొనిచ్చాడు. మాస్టారు నోరు తెరిచారు గాని, ఉన్న ఒక్క 'వద్దు' ఇందాకే ఖర్చయిపోయింది. అందరికీ దణ్ణం పెట్టి పుచ్చుకున్నారు.

బస్తా మేనేజరే భుజానికెత్తుకుని ఇంటిదాకా తెచ్చాడు. తలుపు తీసిన మాస్టారి భార్యతో "మొహమాటపడకండమ్మా, బియ్యం అయిపోతే కబురు పెట్టండి" అన్నాడు. ఇరుగుపొరుగు గుమ్మాల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఆవిడకి తల కొట్టేసినంత పనైంది. "మాకేం తక్కువ బాబూ" అంటూ మాస్టారి జేబులోంచి పర్సు లాగి, ఉన్న నోట్లన్నీ అనాథ పిల్లలకని అతని చేతిలో పెట్టింది. చాలదనిపించి లోపలికెళ్ళి ఇంకొన్ని తెచ్చింది. బియ్యం, నూనె కూడా అక్కడికే పంపించేయమంది. ఖాళీ పర్సు మళ్ళీ మాస్టారి చేతికే వచ్చింది.

మేనేజరు నోట్లు లెక్కపెట్టుకుని, అలవాటు చొప్పున అడిగాడు. "నిండు లెక్కకి కొద్దిగా తగ్గిందమ్మా, పూర్తి చేసేద్దామా?"

ఆవిడ పక్కింటి గుమ్మం వంక చూసి, "చేసేయండి" అంది.

"వద్దు" అన్నారు మాస్టారు. ఈసారి కళ్ళు తెరిచే అన్నారు గాని, వినిపించుకున్నవాళ్ళు లేరు.