దుబాయి పొద్దు

యోహాను ఇంట్లో కోపానికి గడువు ఉంది. పొద్దుగూకేలోగా దించుకోవాలి. బైబిలు వాక్యంలో ఉన్న మాటే. దాన్ని యోహాను నడింటి గోడ మీద నీలం రంగుతో రాశాడు. కింద రెండు గీతలు కూడా కొట్టాడు. కథలాపూర్‌కూ కోరుట్లకూ మధ్య దుకాణాల బోర్డులు సగం అతని చేతివే. అందుకే ఆ గోడ చూసినవాళ్లకు అది దేవుడి ఆజ్ఞలాగా, కిరాణా కొట్టు ప్రకటనలాగా, రెండు రకాలుగానూ కనిపించేది.

పొద్దుగూకే వేళకు ఇంట్లో నలుగురూ చాప మీద కూర్చోవాలి. ఎవరికి ఎవరి మీద కోపం ఉన్నా చెప్పుకోవాలి, క్షమించుకోవాలి, ప్రార్థన చేయాలి. ఆ తర్వాతే బువ్వ.

ఈ నియమంలో ఒక సందు ఉందని యోహాను పెళ్లయిన రెండో ఏడే కనిపెట్టాడు. తప్పు పొద్దున చేసి పొద్దున్నే చెబితే భార్య రత్నమాలకు రోజంతా కోపం. అదే తప్పు, సూర్యుడు తాటివనం తలల మీదికి దిగాక చెబితే ఆమెకు దొరికేది రెండు మాటల సమయం.

మేకను అమ్మిన సంగతి అలాగే చెప్పాడు. ఇంట్లో ఉన్న ఒక్క గొడుగూ పాస్టరుకు ఇచ్చేసిన సంగతి అలాగే చెప్పాడు. ఆదివారం నలభై మందిని భోజనానికి పిలిచిన సంగతి శనివారం సూర్యుడు సగం మునిగాక చెప్పాడు.

"నలభై మందికి నేనొక్కదాన్ని..." అంది రత్నమాల.

"పొద్దు గూకింది. కండ్లు మూస్కో," అన్నాడు యోహాను.

ఆమె మిగతా వాక్యం మింగింది. అలా మింగిన వాక్యాలు ఆమె కడుపులో చాలా ఉన్నాయి. బీడీలు చుట్టేటప్పుడు వాటిని నెమరేసేది. ఆ రోజు బీడీలు మరీ గట్టిగా వచ్చేవి. పీలిస్తే పొగ రావడం లేదని కార్ఖానా వాళ్లు వాపసు చేసేవారు.

దసరా సెలవులు ముగిసిన వారం యోహాను అన్నిటికంటే పెద్ద పని చేశాడు. కూతురు సలోమిని, కొడుకు దానియేలును కథలాపూర్ బడి మాన్పించాడు. సలోమిది ఏడో తరగతి. ఎండాకాలంలో జిల్లా అంతటికీ ఒకే పరీక్ష. ఈ సంగతి కూడా తాటివనం మీదికి పొద్దు దిగాకే చెప్పాడు.

"ఎందుకు బంద్ వెట్టినవ్?"

"రాజలింగం సార్ నోరు మంచిది కాదు. మనల్ని తీసిపారేసినట్టు మాట్లాడ్తడు. దేవుని పిల్లలకు ఇల్లే బడి. నేనే చెప్త."

"నువ్వు చదివింది ఏడే గద."

"ఏడు చదివినోడు ఏడు చెప్పలేడా?"

"నువ్వు ఏడు తప్పినవ్."

"పొద్దు గూకింది," అన్నాడు యోహాను.

అలా ఇంటి బడి మొదలైంది. నీలం అక్షరాల గోడకు ఎదురు గోడ నల్లబల్ల అయింది. హెడ్‌మాస్టరు యోహానే, పంతులు యోహానే, ఇనుప ముక్క మీద గంట కొట్టేదీ యోహానే. ఇన్‌స్పెక్టర్ మాత్రం రత్నమాల. గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ అన్నీ వినేది.

లెక్కలకు బైబిల్లోంచి సంఖ్యాకాండం తీశాడు. ఇశ్రాయేలు గోత్రాల జనాభా అంతా పిల్లల చేత కూడించాడు. వారం కూడాక సలోమి అడిగింది.

"బాపూ, దీంట్ల అన్ని కూడికలే ఉన్నయి. భిన్నాలు ఏడున్నయి?"

"దేవుడు మనుషుల్ని ముక్కలు చేసి లెక్కవెట్టడు బిడ్డా."

భూగోళానికి గుమ్మడికాయ తెచ్చాడు. నీలం సుద్దతో చుక్కలు పెట్టాడు. ఎర్రసుద్ద కూడా ఉంది గాని, ఆ రోజుల్లో గుమ్మడికాయ మీద ఎర్రచుక్క పెట్టడానికి కూడా అతని చెయ్యి జంకేది. లాంతరు ముందు గుమ్మడికాయను తిప్పి చూపించాడు.

"సూర్యుడు ఏడికి పోడు. మనమే తిరుగుతం. మన దగ్గర పొద్దుగూకితే ఇంకోకాడ ఎండ కొడ్తది."

"మా తమ్ముడు జలపతి ఉన్న దుబాయి ఏడున్నది?" అని చాట మీద నుంచి తల ఎత్తి అడిగింది రత్నమాల.

భార్య తన పాఠం వినడం యోహానుకు గర్వమనిపించింది. దుబాయికి ఒక చుక్క పెట్టాడు.

"మరి ఆడ ఎప్పుడు గూకుతది?"

"మన తర్వాత గంటన్నరకు."

"గంటన్నర," అని ఆమె బీడీకి దారం చుట్టింది.

నిజానికి బడి మాన్పించడానికి కారణం రాజలింగం సార్ నోరు కాదు. దసరాకు ముందు ఒక పొద్దున యోహాను సలోమిని సైకిల్ మీద బడికి తీసుకెళ్తుంటే కల్వర్టు దగ్గర పోలీసులు ఆపారు. ముందు రోజు పంచాయతీ గోడ మీద ఎర్ర అక్షరాలు వెలిశాయి. యోహాను సంచిలో బ్రష్షులు దొరికాయి.

"గా గోడ రాతలు నావి కావు సార్. నా అక్షరం వరుసకు ఉంటది," అన్నాడు యోహాను. ప్రాణభయంలో కూడా పనితనం మీది గౌరవం పోలేదు.

జవాను చెంప మీద కొట్టాడు. రోడ్డు నడుమ చెవులు పట్టించి గుంజిళ్లు తీయించాడు. సలోమి సంచి భుజాన వేసుకుని చూస్తూ నిలబడింది. ఆ తర్వాత సున్నం ఇచ్చి ఆ గోడను అతని చేతే చెరిపించారు. నాలుగు రోజులకు, ఆ ఎర్ర అక్షరాలు రాసిన అన్నలు పిలిపించి ఎందుకు చెరిపావని అడిగారు. వాళ్లు కొట్టలేదు. కూర్చోబెట్టి చెప్పారు. చాలాసేపు చెప్పారు. చెంపదెబ్బే నయమనిపించింది యోహానుకు.

పోలీసుల మీద కోపం చూపించడానికి వీల్లేదు. అన్నల మీద అసలే వీల్లేదు. మిగిలింది రాజలింగం సార్. ఆయన దగ్గర ఉన్నది బెత్తం ఒక్కటే.

ఉగాది దగ్గరపడింది. పరీక్షకు పేర్లు పంపుతున్నాం, సలోమిని తీసుకుని రమ్మని రాజలింగం సార్ మనిషితో కబురు చేశాడు. పేరు కొట్టెయ్యమని యోహాను అదే మనిషితో తిరుగు కబురు పంపాడు. సాయంత్రం తాటివనం వైపు చూసి, సూర్యుడు సగం దిగాడని ఖాయం చేసుకుని, చాప పరిచి భార్యకు చెప్పాడు.

రత్నమాల చాట పక్కన పెట్టింది. చాప మీదికి రాలేదు.

"పొద్దు గూకింది," అన్నాడు యోహాను.

"ఏడ?"

"ఏడేంది? ఆకిట్లకు అచ్చి చూడు."

"సలోమీ, గుమ్మడికాయ తే బిడ్డా."

సలోమి తెచ్చింది. రత్నమాల లాంతరు ముందు దాన్ని పట్టుకుని సుద్ద చుక్క మీద వేలు పెట్టింది.

"మా తమ్మునికాడ ఇంక ఎండ ఉన్నది. నాకు గంటన్నర ఉన్నది. ఇగ కూసో, చెప్త."

గంటన్నర చెప్పింది. మేక నుంచి మొదలుపెట్టింది. గొడుగు, నలభై మంది, పెళ్లయిన కొత్తలో పోయిన ఇత్తడి బిందె, మింగిన వాక్యాలన్నీ వరుసగా బయటికి వచ్చాయి. పొరుగింటి మొగిలవ్వ గోడ అవతల బర్రెను పితకడం ఆపి విన్నది. యోహాను గడియారం చూస్తూ కూర్చున్నాడు.

"దుబాయిల గూకింది," అన్నాడు చివరికి.

"బిడ్డా, దుబాయి అవతల ఏమున్నది?"

సలోమి గుమ్మడికాయ తిప్పి తల్లికి చూపింది. "యేసయ్య పుట్టిన దేశం అవ్వా."

"బేత్లెహేముల ఎండ కొడ్తాంటె కథలాపూర్‌ల కోపం దించుమంటవా?" అంది రత్నమాల.

"దాని తర్వాత?" అన్నాడు యోహాను.

"ఇంకో దేశం బాపూ. గుమ్మడికాయ గుండ్రంగ ఉంటది గద. నువ్వే చెప్పినవ్."

ఆ రోజు ప్రార్థన లేదు. ప్రార్థన లేనిది బువ్వ లేదని రాసిపెట్టిన నియమం కూడా యోహానుదే. పిల్లలకు మాత్రం ఆమె పెట్టేసింది. "వాళ్లకు ఎవ్వరి మీద కోపం లేదు," అంది. యోహాను నీళ్లు తాగి పడుకున్నాడు. మరునాటి నుంచీ ప్రార్థన లేకపోయేసరికి, కోరుట్లలో బోర్డుల పని ఉందని చెప్పి హోటల్లో ఉప్మా తిన్నాడు. ఆ ఉప్మా తినాల్సి వచ్చినందుకు కూడా ఆమె మీదే కోపం వచ్చింది.

మొగిలవ్వ చర్చికి పోయే మనిషి కాదు. కానీ మాట మోయడంలో ఆమెకు మతం లేదు. వారం తిరిగేసరికి దుబాయి పొద్దు సంఘమంతా పాకింది. చర్చిలో సగం మంది ఆడవాళ్ల మొగుళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. సత్యవ్వ మగడు మస్కట్‌లో ఉన్నాడు. ఆమె అత్తతో మస్కట్ పొద్దు ప్రకారం కొట్లాడింది. భూదేవి మగడు సౌదీలో ఉన్నాడు. సౌదీ ఇంకా పడమర కాబట్టి తనకు అరగంట పైన రావాలని ఆమె వాదించింది. మొగుళ్లు ఊళ్లోనే ఉన్న ఆడవాళ్లు ఇది అన్యాయమన్నారు.

ఆదివారం ప్రార్థన కూటం కాగానే పాస్టరు ఆగయ్య నేరుగా యోహాను ఇంటికి వచ్చాడు. బాప్తిస్మంలో ఆయన పేరు అబ్రాహాము. ఊరు మాత్రం ఆగయ్య దగ్గరే ఆగింది. చేతిలో యోహాను ఇచ్చిన గొడుగే ఉంది.

"గా గుమ్మడికాయ ఏడున్నది?" అన్నాడు గడపలోనే.

"కూసోండి అయ్యగారూ."

"కూసునుడు కాదు. మా ఇంట్ల దుబాయిల ఎవ్వరు లేరు. అయినా మా ఆమె మొన్నటి సంది దుబాయి పొద్దు నడుపుతున్నది. నువ్వేం బడి వెట్టినవయ్యా? రత్నమాలా, నీకేం గావాలెనో చెప్పు, ఈయన చేస్తడు."

"నాకేం వద్దు అయ్యగారూ," అంది రత్నమాల. "నా కోపం గంటన్నర ఎక్కువైతే ఊరంత లేచింది. ఈయన కోపానికి దసరా సంది పొద్దే గూకలే. ఎవ్వరన్న అడిగిండ్రా?"

"నాకెవ్వని మీద కోపం?" అన్నాడు యోహాను.

"కల్వర్టు కాడ జవాను కొట్టిండు. నువ్వు రాజలింగం సార్ మీద అలిగినవ్. సార్ మీద అలిగి బిడ్డ చదువు కోసినవ్."

యోహాను సలోమి వైపు చూశాడు.

"నేనే చెప్పిన బాపూ," అంది సలోమి. "ఆ రోజే."

"నోరు ముయ్యి."

"నువ్వు గుంజిళ్లు తీస్తే నాకు సిగ్గు కాలే బాపూ. బడికి పోకుంట ఇంట్ల కూసుంటె అయితున్నది."

పాస్టరు గొడుగు చంక మార్చుకున్నాడు. యోహాను గోడ వైపు తిరిగాడు. నీలం అక్షరాలు వరుసగానే ఉన్నాయి.

మరునాడు పొద్దున సలోమిని సైకిల్ ఎక్కించాడు. బ్రష్షుల సంచి కూడా కావాలనే తగిలించాడు. కల్వర్టు దగ్గర జవాను చెయ్యి అడ్డం పెట్టాడు.

"సంచిలో ఏముంది?"

"బ్రష్షులు. బోర్డులు రాస్త. బిడ్డను బడికి తోల్కపోతున్న," అన్నాడు యోహాను. చెంప ముందే బిగించుకున్నాడు.

జవాను ఆవలించి పొమ్మన్నాడు. రాత్రంతా ధైర్యం కూడగట్టుకుని వస్తే అంత తేలిగ్గా వదిలేసినందుకు యోహానుకు ఒళ్లు మండింది.

రాజలింగం సార్ వరండాలో నిలబడి ఉన్నాడు. యోహాను సైకిల్ దిగి, దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు చేతులు కట్టుకుని చెప్పాడు. తప్పయిందన్నాడు. మనసులో పెట్టుకోవద్దన్నాడు. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటానన్నాడు. బిడ్డ పేరు మళ్లీ రాయమన్నాడు. సార్ అంతా విన్నాడు.

"పేరు ఎప్పుడో పంపిన. నేను నీకు కబురు చేసిన దినమే, నా మనిషి నోట విని నీ భార్య వేరే తొవ్వల అచ్చి రాయించి పోయింది. నువ్వు కొట్టెయ్యమంటవని గూడ ఆమెనే చెప్పింది."

"మరి ముందుగాల్నే చెప్పొద్దా సార్?"

"మంచిగ మాట్లాడ్తున్నవ్. ఆపబుద్ధి కాలే," అన్నాడు సార్. "ఎట్లాగు అచ్చినవ్ గద, బడి బోర్డు చెదిరింది. రాసిపో."

యోహాను సాయంత్రం దాకా బోర్డు రాశాడు. రాసిన అక్షరం అక్షరానికీ కోపం పెరిగింది. వారం పస్తులు. వారం హోటల్ ఉప్మా. పేరు ముందే రాయించి ఉండి కూడా రత్నమాల తనను సార్ ముందు చేతులు కట్టుకునేలా చేసింది. సలోమిని వెనక కూర్చోబెట్టుకుని సైకిల్ తొక్కుతుంటే గొలుసు రెండుసార్లు ఊడింది. ఇల్లు చేరేసరికి సూర్యుడు తాటివనం తలల మీద ఉన్నాడు.

రత్నమాల చాప పరిచి కూర్చుని ఉంది.

"అచ్చినవా? నీకో మాట చెప్పాలె," అంది. "సలోమి పేరు నేను ముందుగాల్నే రాయించిన. పొద్దు గూకింది, కండ్లు మూస్కో."

"గూకలే," అన్నాడు యోహాను. "దుబాయిల గూకలే. ఇయ్యాల గంటన్నర నాది. గుమ్మడికాయ తే."

"పొయ్యి మీదున్నది."

వంటింట్లోంచి పులుసు వాసన వచ్చింది.

"దుబాయి?"

"తొక్క మొగిలవ్వ బర్రెకు ఏసిన."

యోహాను వాకిట్లోకి చూశాడు. పడమట తాటిచెట్ల నడుమ ఎరుపు పోతోంది. చాప మీద కూర్చున్నాడు.

"ఎవ్వల మీద కోపమున్నదో చెప్పు," అంది రత్నమాల.

"కల్వర్టు కాడి జవాను మీద."

ఆ మాట ఆ ఇంట్లో అతని నోటి వెంట రావడం అదే మొదలు. దానియేలు తండ్రి ముఖంలోకి చూశాడు.

"ఇంక?"

"అన్నల మీద." ఇది చాలా మెల్లగా అన్నాడు.

"ఇంక?"

"ఇంకెవ్వల మీద లేదు."

"అబద్ధం," అంది రత్నమాల. ప్రార్థన తనే చేసి పులుసు వడ్డించింది.

యోహాను మూడుసార్లు పోయించుకున్నాడు. పులుసు బాగుంది. ఆ సంగతి మరునాడు, సూర్యుడు తాటివనం మీదికి దిగాక, భార్యకు చెప్పాడు.