చెంబు జప్తు

చెంబుతో, గిద్దతో, పిడికిలితో కొలిచి వండేవాళ్ళందరినీ జైల్లో వెయ్యాలి. దేశానికి కిలోలూ గ్రాములూ వచ్చేశాయి. బియ్యానికీ పప్పుకీ తూకమనే గౌరవం దక్కింది. ఇంకా చెంబులేమిటండీ!

ఈ మాట వరదయ్యగారిది. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి కొత్తగా వచ్చిన కొలతల ఇన్‌స్పెక్టరు ఆయన. ఆ మాట ఎంత నిజమో మీరే చూడండి.

వరదయ్యగారికి లోకంలో ఇష్టమైనవి రెండే. ఒకటి చట్టం. రెండోది బస్టాండు పక్కన గురవమ్మ పోసే దోసె. కుటుంబం ఆత్మకూరులోనే ఉండిపోవడంతో, పొద్దున్నే ఆమె కొట్టు బల్ల మీద కూర్చుని కడుపునిండా తిన్నాకే ఆఫీసు తాళం తీసేవారు.

ఒకనాడు దోసె నోట్లో ఉండగానే ఆ రెండు ఇష్టాలకూ తగాదా వచ్చింది. గురవమ్మ ఓ సొట్టల ఇత్తడి చెంబుతో బియ్యం కొలుస్తోంది. చెంబుకి ప్రభుత్వ ముద్ర లేదు!

“ముద్ర లేని పాత్రతో కొలవడం నేరం, తెలుసా?”

“అమ్మేదానికి కాదు సామీ, నానబోసేదానికి.”

“కొలత కొలతే. జప్తు చేస్తున్నాను.”

“మరి నేనెట్ట నానబొయ్యాల? మూడు చెంబులు బియ్యం, చెంబు మినప్పప్పు. నాకు తెల్సిందంతా అంతే గదా.”

ఆయన దయ చూడండి! ఆఫీసు తక్కెడ తనే మోసుకొచ్చారు. చెంబు నిండా పోసి, రూలు ప్రకారం అంచుకి సమంగా తుడిచి, బియ్యాన్నీ పప్పునీ విడివిడిగా తూచి గ్రాములు చెప్పారు. పిడికెడు ఉప్పు తూచితే ఒక్కో మాటు ఒక్కో తూకం వచ్చింది. పిడికిలిని గట్టిగా మందలించి, తక్కెడ ఆమెకిచ్చి, చెంబుని ఆఫీసు బీరువాలో పెట్టారు.

మర్నాడు దోసె పెనాన్ని వదలనంది. వదిలాక పన్ను దిగనివ్వనంది. అయితేనేం? ఈ తాలూకాలో మొట్టమొదటి చట్టబద్ధమైన దోసె అది! దవడలకు వ్యాయామం. ఒక్కటి తింటే సాయంత్రం దాకా ఆకలుండదు. నమిలేవాడు పక్కవాడితో పోట్లాడలేడు కనక బస్టాండులో శాంతి కూడా. ఇన్ని లాభాలున్నా బుద్ధి లేని బస్సు డ్రైవర్లు ఎదురు కొట్టుకి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండానే గురవమ్మ పిండి గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. “పారబోస్తా ఉండా సామీ. ఇట్టనే అయితే పొయ్యి ఆర్పేసి కలిగిరికి కూలికి పోవాల.”

వరదయ్యగారు తింటున్న దోసెను పక్కన పెట్టేశారు. దోసె వల్ల కొంత, బాధ వల్ల కొంత.

“తూకంలో గ్రాము తేడా లేదే. ఎక్కడ చెడింది?”

“పప్పు గోపురం కట్టి పోసేదాన్ని. మీరు అంచు తుడిచేసినారు గదా.”

“అప్పుడే చెప్పొద్దూ?”

“సర్కారోళ్ళు తుడస్తా ఉంటే అడ్డం చెప్తారా సామీ ఎవురైనా?”

“సరే, గోపురం ఎంత ఉంటుంది?”

“నిలిచినంత.”

నిలిచినంతను గ్రాముల్లోకి మార్చే పట్టికను ప్రభుత్వం ఇంకా అచ్చు వేయలేదు. వరదయ్యగారు ఆఫీసుకి వెళ్ళి చెంబు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

“ఇది నీళ్ళు తాగే చెంబు. కొలిచేది కాదు. తెలిసిందా?”

“తెల్సింది సామీ.”

ఆ తర్వాత రోజూ ఆమె పప్పు బస్తా విప్పే వేళకు వరదయ్యగారు బల్ల మీద అటు తిరిగి కూర్చుని, ఉదయగిరి కొండను అతి శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. వెనక చెంబు గలగలమంటుంది. దోసెలు మళ్ళీ దూదిలా వస్తున్నాయి.

కాబట్టి పాఠకులారా, తూకాలు దేశానికి వరమే, సందేహం లేదు. ఇన్‌స్పెక్టరుగారు చూడ్డానికి ప్రతి ఊరికీ ఒక కొండ ఉంటే చాలు.