దినమూ ఓడే మనిషి

అయినా అబద్ధమాడింది నోరు కాదు కదా, చెమట కదా అనుకున్నాడు దొరై. ఈ నాలుగు నెలల్లో 'పరుగెత్తి వచ్చాను' అని తను నోరు తెరిచి ఒక్కసారైనా అన్నాడా? లేదు. గుమ్మంలో నిలబడి భార్య జీవిత "ఓడి వస్తిరా, మామా?" అని అడుగుతుంది. తను తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ "అబ్బా!" అంటాడు. 'అబ్బా' అనే మాట ఏ కోర్టులోనూ అబద్ధం కిందికి రాదు.

పోదనూరు తెలుగిళ్లలో ఓడడమంటే పరుగెత్తడం. తరాల తరబడి తమిళంతో ఉమ్మడి కాపురం చేసిన తెలుగు అది. ఏ గిన్నె ఎవరి పుట్టింటి నుంచి వచ్చిందో ఇప్పుడెవరూ అడగరు.

చక్కెర జబ్బు అని డాక్టరు తేల్చిన రోజే జీవిత అతనికి చిలకపచ్చ బూట్లు కొంది. ఆ బూట్లతో దొరై రెండు రోజులు నిజంగానే పరుగెత్తాడు. మూడో రోజు రైల్వే మైదానం మూల తిరుగుతుంటే మాడసామి టీ అంగడిలో వడలు నూనెలో దిగిన చప్పుడు వినిపించింది. కాళ్లు వాటంతటవే ఆగాయి. కాళ్లు చేసిన పనికి తనెలా బాధ్యుడు?

అప్పటి నుంచి అదే వరస. అయిదున్నరకు బయల్దేరడం, ఎవరూ ముఖం గుర్తుపట్టకుండా మైదానానికి వీపు పెట్టి బెంచీ మీద కూర్చోవడం, రెండు టీలు, మూడు వడలు. ఆరున్నరకు కుండలోని నీళ్లు మెడ మీద చల్లుకుని ఇంటికి.

"అణ్ణా, వీపు మీద కూడా సల్లుకోండి," అని మాడసామి రెండో రోజే దిద్దాడు. "మెడ మాత్రమే ఓడినట్టు ఉంది."

ఇలా సుఖంగా సాగుతున్న వ్యాయామానికి 'విజిల్' యేసుదాస్ అడ్డుపడ్డాడు. రైల్వే గార్డుగా రిటైరైన యేసుదాస్ కాలనీలో ఆటల–ఆరోగ్య సంఘం నడుపుతున్నాడు. సాయంత్రాలు ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతారు, ఆదివారాలు ఊరికే చక్కెర పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష బల్ల జీవితది. ఎవరి వేలు దొరికినా పొడిచేస్తుంది.

"దొరై, మారిషస్ నుంచి ఆనంది అని ఒక అమ్మ వస్తా ఉంది," అన్నాడు యేసుదాస్. "మన సంఘంలో ఒక దినం వాలంటీరుగా పని చేసి, చూసింది రాసుకొని పోతుందంట. మీ ఇంటి ఓట్టం గురించి రాసి పంపినాను. ఆదివారం దాన్నే చూడాలంటా ఉంది."

మీ ఇంటి ఓట్టం! అంటే తన పరుగే అనుకున్నాడు దొరై. జీవిత వైపు చూశాడు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ నవ్వింది.

"భయమా, మామా?"

"నాకేం భయం! సుమ్మా, ఊరికే చూసినాను."

శనివారమంతా కాకరకాయ రసం తాగాడు. నాలుగు నెలల వడలను ఒక్క రోజు కాకరతో కడిగేయవచ్చునని అతని నమ్మకం. ఇక పరుగు సంగతి. కాళ్లకు పని పడకుండా మాటలతోనే పొద్దు గడిపేయాలని నిశ్చయించుకున్నాడు. నోటికి అలుపు రావడం తనెప్పుడూ ఎరగడు.

ఆదివారం పొద్దున షామియానా కింద ఆనంది చేతులు జోడించింది. ముప్పై ఏళ్లుంటాయి. ఆమె ముత్తాతలు ఎప్పుడో చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్లు. ఆమె మాత్రం తెలుగు బళ్లో పుస్తకాలు చదివి నేర్చుకుంది.

"సోదరీసోదరులారా! మీ దర్శనమునకు మిక్కిలి సంతసించుచున్నాను."

వెనక వరసలో ముత్తులక్ష్మి పక్కామెను పొడిచింది. "ఏందక్కా ఇది, పెళ్లి మంత్రమా?"

"నోరు ముయ్యి. అది కూడా మన బాషేనంట."

యేసుదాస్ అలవాటుకొద్దీ ఒక విజిల్ ఊది, "అమ్మా, మీరు అడిగిన ఇంటివాళ్లు వీళ్లే. ఈయన దొరై, ఆ బల్ల దగ్గర..." అని మొదలుపెట్టాడు. దొరై మధ్యలోనే ముందుకు దూకాడు.

"నేనే అమ్మా! దినమూ ఓడుతాను."

ఆనంది కలం ఆగింది. "ప్రతిదినమూ... ఓడుదురా?"

"ఒక దినం తప్పదు. నాలుగు నెలలుగా ఓడతానే ఉండాను."

"మనసునకు కష్టము తోచదా?"

"కష్టమేముంది? ఓడితేనే ఒంటికి మంచిది. ఒక దినం ఓడకుంటే నాకు రాత్రి నిద్ర పట్టదు."

"ఇంతటి సహనము ఎవరి కొరకు?"

"జీవిత కోసమే అమ్మా," అన్నాడు దొరై ఛాతీ విరిచి. "జీవిత ఓడమనింది, ఓడుతా ఉండాను."

ఆనంది కళ్లు చెమ్మగిల్లాయి. 'జీవితం ఓడమన్నది, ఓడుతున్నాను' అని నోటుపుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసింది. "మరి గెలుపు? ఒక్కనాడును గెలువలేదా?"

గెలుపు అన్న మాట దగ్గర దొరైకి వెలిగింది. ఈమె తనను పరుగెత్తేవాడని అనుకోవడం లేదు, ఓడిపోయేవాడని అనుకుంటోంది. ఒక్క క్షణం నామోషీ అనిపించింది. మరుక్షణం ప్రాణం లేచొచ్చింది. ఓడిపోయేవాణ్ణి మైదానం చుట్టూ పరుగెత్తి చూపించమని ఎవరడుగుతారు?

"గెలుపు యాడిది అమ్మా!" అని నిట్టూర్చాడు. "ఇంట్లో కోర్టు ఆమెది, జడ్జీ ఆమే. టీవీ రిమోటు ఆమెది. కూరలో ఉప్పు ఎంతో ఆమె సెప్పాల. ఈ బూట్లు చూడండి, చిలక కూడా ఈ రంగు ఏసుకోదు. నన్నడిగి కొనిందా?"

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. నవ్వు వినగానే దొరైకి ఇంకా చెప్పబుద్ధయింది. లోపల ఎవరో 'చాల్లే' అంటున్నారు. ఆ గొంతు వినపడనంత గట్టిగా మాట్లాడాడు.

"ఇంట్లో గెలవలేకనే అమ్మా, తెల్లారకముందే బయటపడి పోతాను!"

"అయ్యో! ఎక్కడికి పోవుదురు?"

ఆ ప్రశ్నకు జవాబు టీ గ్లాసుల పళ్లెంతో వస్తున్న మాడసామి దగ్గర ఉంది.

"మా అంగడికే అమ్మా!" అన్నాడు గర్వంగా. "అయిదున్నర నుంచి ఆరున్నర దాకా. నాలుగు నెలల్లో అణ్ణ ఒక దినం తప్పలే. ఇట్లాంటి గిరాకీ నాకు ఇంకొకరు లేరు."

నవ్వులు టక్కున ఆగాయి. యేసుదాస్ విజిల్ నోట్లోంచి తీశాడు.

"అమ్మా, ఓడే మనిషి ఈయన కాదు. ఆమె." బల్ల వైపు చెయ్యి చూపించాడు. కబడ్డీ పిల్లలు ఒక్క గొంతుగా అరిచారు: "జీవితక్క! దినమూ ఎనిమిది చుట్లు!"

జీవిత తలెత్తలేదు. ఒక ముసలావిడ వేలికి దూది అద్దుతోంది. దొరై తడబడుతూ బల్ల దగ్గరికి వెళ్లాడు.

"నీకెప్పుడు తెలుసు?" అని గొణిగాడు.

"అయిదో దినమే. ఫోను మరిచిపోతిరి. ఇద్దామని ఎనకాలే ఒచ్చినాను. బెంచీ మీద మీ వీపు కనబడె."

"పిలవచ్చు కదా!"

"చేతిలో సగం వడే ఉండె, తక్కింది నోట్లో ఉంటుంది. పొలమారుతుందని ఊరకుంటిని."

"నీ ఓట్టం మరి?"

"అంత దూరం ఒచ్చినాను కదా అని ఒక చుట్టు ఓడినాను. బాగుండె. మరునాడు రెండు."

"అన్నీ తెలిసి, దినమూ 'ఓడి వస్తిరా' అని అడుగుతావే?"

"మీకన్నా రెండు నిమిషాలు ముందు ఇల్లు చేరుకొని అడుగుతుంటి. ఒక దినమైనా నిజం సెప్తారేమో అని." ఆమె కొత్త సూది విప్పుతూ గొంతు తగ్గించింది. "నా మెడ కూడా తడిగానే ఉండె, మామా. మీరు చూడలే."

పట్టుబడ్డ సిగ్గు చెవుల దాకా వచ్చి కాసేపటికి దిగిపోతుంది. అది దొరైకి అలవాటే. ఇది దిగలేదు. నాలుగు నెలలు, పొద్దునపూట, ఒకే గుమ్మంలో, చేతికందే దూరంలో ఒక మనిషి రొప్పుతూ నిలబడి ఉంటే, తన దొంగ చెమట ఆమెకు కనబడుతుందా లేదా అని తప్ప తను ఇంకేమీ చూడలేదు. ఆమె చిక్కిందా? చిక్కినట్టే ఉంది. ఎప్పుడు? ఇందాక అంతమందిలో ఆమె మీద పుట్టించిన నవ్వులు ఒక్కొక్కటే వెనక్కి వచ్చి తగులుతున్నాయి.

ఆనంది పుస్తకం పట్టుకుని అయోమయంగా వచ్చింది. "క్షమించుడు. ఇంతకును ఓడినది ఎవరు?"

"ఓడింది నేనమ్మా," అంది జీవిత. "ఓడిపోయింది ఆయన."

ఆనందికి అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రాసుకున్న వాక్యాన్ని కొట్టేసింది. యేసుదాస్ విజిల్ ఊదాడు. మైదానంలో పిల్లలు ఓడి చూపించడానికి జీవితక్క రావాలని గోల పెడుతున్నారు.

"రెండు నిమిషాలు," అంది జీవిత. "ఇంకా ఎవరైనా ఉండారా?"

ఎవరూ లేరు. ఎదుట ఇనప స్టూలు ఖాళీగా ఉంది. దొరై ఈ నాలుగు నెలల్లో ఏదో ఒక వంకతో ఆ స్టూలుకు దూరంగానే తిరిగాడు. దాని మీద కూర్చుంటే మిషన్లో పడే అంకె వడలన్నీ లెక్క చెబుతుంది. ఒక్క రోజు కాకర రసం ఏం చేయగలదో అతనికి ఇప్పుడు బాగా తెలుసు. మాడసామి చూస్తున్నాడు. ముత్తులక్ష్మి చూస్తోంది. జీవిత మాత్రం సూది డబ్బా మూత పెట్టబోతోంది.

దొరై స్టూలు ముందుకు లాక్కుని కూర్చుని, వేలు చాపాడు.