మూడున్నర లేదు

ఆ ఉదయం మేజర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మ్యూజియానికి వెళ్ళాలి, కిరీటం గది ముందు నిలబడాలి, ఏం జరిగినా ఎర్ర బటన్ జోలికి పోకూడదు. సాయంత్రం క్షేమంగా ఇంటికి రావాలి.

“ఈరోజు గబ్బిలం కాదు, ఏనుగు ఎగురుకుంటూ వచ్చినా సరే, మీరు మాత్రం నొక్కకండి,” అంది భార్య లంచ్ బాక్స్ చేతికిస్తూ.

“ఆరోజు అది గబ్బిలంలా లేదే. అచ్చం మనిషి నీడలా ఉంది.”

“అవును పాపం, రెక్కలున్న మనిషి.”

మేజర్ ఏనాడూ సైన్యంలో పనిచేయలేదు. అతని మీసం చూసి తోటివాళ్ళు పెట్టిన పేరది. ఉద్యోగం మ్యూజియంలో సెక్యూరిటీ సూపర్‌వైజర్. కిందటి నెల గబ్బిలాన్ని చూసి అలారం నొక్కాడు. ఆ అలారం మోగితే భవనం మొత్తానికి కరెంటు పోతుంది, ఇనప తలుపులు ధడేల్మని దిగిపోతాయి, పోలీసులు పరిగెత్తుకొస్తారు. అప్పుడు లోపల చిక్కుకుపోయిన బడిపిల్లల ఏడుపు ఇప్పటికీ అతని చెవుల్లో ఉంది. డైరెక్టర్ మాట కూడా ఉంది. “ఇంకొక్క ఉత్తుత్తి అలారం మోగిందా, నిన్ను ఊరవతల గోడౌన్‌కి పంపేస్తాను.”

ఆ గోడౌన్‌లో పగిలిన కుండలుంటాయి. వాటిని ఎలకలు కూడా ముట్టుకోవు. డైరెక్టర్ ఆ రోజే రిటైరవుతున్నాడు, సాయంత్రం ఆరుకి వీడ్కోలు సభ. బదిలీ ఆర్డర్ టైపు చేయించి సంతకానికి సిద్ధంగా జేబులో పెట్టుకున్నాడని అందరికీ తెలుసు. ఈ ఒక్కరోజు గట్టెక్కితే ఆ కాగితం చెత్తబుట్టలోకి పోతుంది.

మేజర్ వరండాలో అడుగుపెట్టాడు. ఎదురుగా గైడు ఒక పొడుగాటి నల్ల పెట్టె మోసుకుంటూ మరమ్మతుల గదిలోకి దూరాడు. దూరే ముందు ఇటూ అటూ చూశాడు. తలుపు మూసుకుంది. గడియ పడింది.

అది బొమ్మల డాక్టర్ గది. చేతులు విరిగిన విగ్రహాలకు చేతులు అతికించే ఆవిడకు మ్యూజియంలో అదే పేరు. ఆవిడ గడియ పెట్టుకోవడం మేజర్ ఎప్పుడూ చూడలేదు. తన పని తాను చూసుకుందామనే అనుకున్నాడు. కానీ కాళ్ళు అటే నడిచాయి. చెవి తలుపుకి ఆనింది.

“ఐదున్నర. ఇక మార్చేది లేదు,” అంటోంది బొమ్మల డాక్టర్.

“ఐదున్నరైతే నా వల్ల కాదు మేడమ్. నాలుగున్నరకి దించండి,” అన్నాడు గైడు.

“నాలుగున్నరైతే నేను పాతాళంలో ఉంటాను!” అంది టికెట్ల కౌంటర్ అమ్మాయి.

“పోనీ ఐదు?” అన్నాడు గైడు.

“ఐదు తెల్లది. ఐదున్నర నల్లది. మనకి నల్లదే కావాలి. అది సరే గానీ, ముందు ఎత్తుకోవడం నేర్చుకోండి. అందరూ ఒక్కసారే ఎత్తుకోవాలి. ఒకళ్ళు ముందూ ఒకళ్ళు వెనకా ఎత్తుకున్నారంటే డైరెక్టర్ గారి ముందే దొరికిపోతాం.”

మేజర్ చెవిని తలుపుకి ఇంకా గట్టిగా ఆనించాడు. ఎత్తుకోవడం! ఈ భవనంలో ఎత్తుకోదగ్గ వస్తువు ఒక్కటే ఉంది.

“సా, పా ఇద్దరూ కదలరు,” ఆవిడ గొంతు సాగుతోంది. “ఎక్కడుంచితే అక్కడే. మిగతా ఐదుగురూ ఒక్కొక్కరు ఇద్దరిద్దరు. మొత్తం పన్నెండు. ఏడో మెట్టు దాటాక ఎనిమిదోది మళ్ళీ మొదటిదే. పేరు అదే, ఎత్తు వేరు. అర్థమైందా?”

“ఏమీ అర్థం కాలేదు మేడమ్,” అన్నాడు గైడు.

“అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఐదున్నర గుర్తుపెట్టుకోండి.”

“మేజర్ గారికి కూడా చెబుదామా?” అంది అమ్మాయి.

“ఆయనకి చెప్తే డైరెక్టర్ గారి చెవిలో మైకు పెట్టి చెప్పినట్టే. నోరు మూసుకోండి.”

మేజర్ వెనక్కి తగ్గాడు.  పన్నెండు మంది ముఠా. సా, పా అనే ఇద్దరు కదలకుండా కాపలా కాస్తారు. బయట నల్ల బండి ఉంటుంది. పెట్టెలో రంపాలున్నాయి. ముహూర్తం ఐదున్నర. కిరీటం గదికి వెళ్ళే మెట్లెక్కుతూ ఎనిమిదో మెట్టు దగ్గర ఆగి, ఇది మొదటి మెట్టు ఎలా అవుతుందా అని వంగి కింద తడిమి చూశాడు. దుమ్ము తప్ప ఏమీ తగలలేదు.

బటన్ నొక్కితే గోడౌన్. నొక్కకపోతే కిరీటం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో డైరెక్టర్ గది.

డైరెక్టర్ అంతా విన్నాడు. “ఏమయ్యా, ఇది కూడా గబ్బిలమేనా?”

“నా చెవులతో విన్నాను సార్. ఎత్తుకోవడం అన్నారు.”

డైరెక్టర్ ఆలోచనలో పడ్డాడు. రిటైరయ్యే రోజున కిరీటం పోతే పింఛను మాట దేవుడెరుగు, పేరు పేపర్లో పడుతుంది. “ఒక పని చెయ్. ఐదున్నర కాదు, మూడున్నరకి మార్చారని వాళ్ళతో అనిచూడు. దొంగలైతే మొహాలు మాడిపోతాయి.”

మేజర్ వెళ్ళి తలుపు తట్టాడు. బొమ్మల డాక్టర్ కాస్తంత తలుపు తెరిచి, సందులోంచి తల బయటపెట్టింది.

“ఐదున్నర కాదంట మేడమ్,” అన్నాడు మేజర్, ఆవిడ కళ్ళల్లోకి గుచ్చి చూస్తూ. “మూడున్నరకి మార్చారు.”

ఆవిడ ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత ఫక్కున నవ్వింది. “మీకూ తెలిసిపోయిందా? అయినా మూడున్నర ఎక్కడిదండీ బాబూ! మూడున్నర అనేదే లేదు. మూడు తర్వాత నాలుగే.”

“మధ్యలో?”

“మధ్యలో ఏమీ ఉండదు. ఎవరినైనా అడగండి. దయచేసి డైరెక్టర్ గారికి మాత్రం చెప్పకండి.” తలుపు మూసుకుంది.

మేజర్ డైరెక్టర్ గది వైపు పరుగెత్తాడు. మూడున్నర లేదట! పట్టుబడ్డామని తెలిసి కూడా నవ్వుతోంది! అంటే మూడుకీ నాలుగుకీ మధ్య ఈ భవనంలో ఏదో మాయం చేయబోతున్నారు.

ఈ మాట వినగానే డైరెక్టర్ మొహం పాలిపోయింది. “అయితే వాళ్ళకంటే ముందు మనమే తీసేద్దాం. గాజు పెట్టె తాళం నా దగ్గరే ఉంది. కిరీటం నా బ్యాగులో ఉంటుంది. పెట్టె మీద ముఖమల్ గుడ్డ కప్పేద్దాం. సంగతి మనిద్దరికే తెలియాలి. వాళ్ళు ఎత్తుకోవడానికి చెయ్యి లేపిన క్షణంలో నువ్వు బటన్ నొక్కు. కానీ గుర్తుంచుకో, ఉత్తుత్తిదైతే నీకు నేను చెప్పానని ఎక్కడా అనకూడదు. బాధ్యత నీది, గోడౌన్ నీది.”

మూడు గంటలకు ఇద్దరూ ఊపిరి బిగబట్టి గోడ గడియారం ముందు నిలబడ్డారు. మూడున్నర అయింది. మిగతా రోజుల్లాగే వచ్చి వెళ్ళిపోయింది. ఏదీ మాయం కాలేదు.

ఐదున్నరకు మేజర్ వేలు బటన్ మీదే ఉంది. వీధిలో ఒక నల్ల కారు ఆగింది.  కారులోంచి ఒక ముసలాయన దిగి, టైరుని కాలితో తన్ని చూసుకుని, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఇంకేమీ జరగలేదు.

మేజర్ నీరుగారిపోయాడు. భార్య మాట తలుచుకుని బటన్ మీంచి వేలు తీసేశాడు.

ఆరు దాటాక వీడ్కోలు సభ మొదలైంది. మ్యూజియంలో కుర్చీలు పట్టే గది కిరీటం గది ఒక్కటే కాబట్టి అందరూ అక్కడే చేరారు. డైరెక్టర్ ముందు వరసలో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పసిపిల్లను పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. మేజర్ వెనక గోడ దగ్గర బటన్ పక్కన నిలబడ్డాడు.

గైడు, టికెట్ల అమ్మాయి లేచి గాజు పెట్టెకు అటూ ఇటూ నిలబడ్డారు. బొమ్మల డాక్టర్ వాళ్ళ వెనక టేబుల్ గుడ్డ చాటున ఏదో సర్దుతోంది. మేజర్ వాచీ చూసుకున్నాడు. ఆరుంపావు. భయం లేదు, వాళ్ళ ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది.

బొమ్మల డాక్టర్ చెయ్యి లేపింది. “ఐదున్నర... రెడీ... ఎత్తుకోండి!”

మేజర్ నొక్కేశాడు.

దీపాలు ఆరిపోయాయి. ఇనప తలుపులు ధడేల్మని దిగాయి. బ్యాటరీ సైరన్ ఎక్కడా వంకర పోకుండా, ఒకే ఎత్తున “ఊఁ” అని అందుకుంది. కుర్చీలు పడ్డాయి. ఎవరో ఎవరి కాలో తొక్కారు. ఆ గందరగోళంలో బొమ్మల డాక్టర్ గొంతు ఖంగుమంది.

“ఆగండి, ఆగండి! కరెంటు పోతే పోనీ! ఇదే ఐదున్నర! వినండి, సైరన్ సరిగ్గా ఐదున్నరలో ఉంది! దీన్నే పట్టుకుని ఎత్తుకోండి!”

గైడు ఎత్తుకున్నాడు. ఎన్ని రోజులు సాధన చేసినా అందని ఎత్తు, భయంతో బిగుసుకుపోయిన అతని గొంతుకి ఇట్టే అందింది. అమ్మాయి గొంతు వచ్చి కలిసింది. డైరెక్టర్ సేవలను పొగుడుతూ వాళ్ళే రాసుకున్న పాట, చీకట్లో, మొదటినుంచి చివరిదాకా ఎక్కడా తొణక్కుండా బెణక్కుండా సాగింది. సైరన్ తంబురాలా వెనక నిలబడింది.

మేజర్ గోడకి చేరగిలపడ్డాడు. పాట. అది పాట. కళ్ళముందు పగిలిన కుండలు వరసగా కనిపించాయి.

పోలీసులు తలుపులెత్తించి దీపాలు వెలిగించారు. ఇన్‌స్పెక్టర్ మేజర్ గొణిగింది విని గది నలుమూలలా చూశాడు. “ముఠా అన్నారు. పన్నెండు మంది ఎక్కడ?”

“ఇవేనండీ,” అంది బొమ్మల డాక్టర్, నల్ల పెట్టెలోంచి వచ్చిన కీబోర్డు మీది గుడ్డ లాగుతూ. “ఏడు తెల్ల మెట్లు, ఐదు నల్ల మెట్లు. ఒకటికీ రెండుకీ మధ్య నల్లది ఒకటిన్నర. అలాగే ఐదున్నర. అది ఒక శ్రుతి పేరు. మూడుకీ నాలుగుకీ మధ్య చూడండి, నల్ల మెట్టుందా? అందుకే మూడున్నర లేదన్నాను. మేజర్ గారు శ్రుతి మార్చమంటున్నారనుకున్నాను గానీ టైము అనుకోలేదు.”

“మరి సా, పా?” అన్నాడు మేజర్ నీరసంగా.

“స్వరాలండీ. షడ్జమం, పంచమం. కదలవు.”

డైరెక్టర్ లేచాడు. మొహం ఎర్రగా ఉంది. “విన్నారుగా! ఇది రెండోసారి. నాకేమీ తెలియదు, అంతా ఇతని నిర్వాకం. ఆర్డర్ మీద ఇప్పుడే సంతకం పెడతాను.”

“పెడుదురుగాని,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “అలారం మోగాక వస్తువు చూడకుండా మేం వెళ్ళకూడదు.” గాజు పెట్టె మీది ముఖమల్ గుడ్డ తొలగించాడు.

పెట్టె ఖాళీగా ఉంది.

టికెట్ల అమ్మాయి కెవ్వుమంది. ఆ అరుపు కూడా ఐదున్నరలోనే ఉందని బొమ్మల డాక్టర్ తర్వాత చెప్పింది. గదిలో అందరి చూపులూ తిరిగి తిరిగి ఒక్కచోట ఆగాయి. డైరెక్టర్ రెండు చేతులా పొదివి పట్టుకున్న బ్యాగు మీద.

ఇన్‌స్పెక్టర్ జిప్పు లాగాడు. లోపల రాళ్ళు మెరిశాయి.

“భద్రత కోసం నేనే దాచాను,” అన్నాడు డైరెక్టర్. గొంతు నాలుగున్నర కంటే కిందికి దిగిపోయింది.

“దొరికినవాళ్ళందరూ అదే చెప్తారు సార్. రిటైరయ్యే రోజున, మీ బ్యాగులో, ఎవరికీ చెప్పకుండా! సాక్షి ఎవరైనా ఉన్నారా?”

ఒక్కడే ఉన్నాడు. డైరెక్టర్ మెల్లగా వెనక గోడ వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ అనని మాట ఆయన నోట వచ్చింది.

“మేజర్ గారూ... కాస్త చెప్పండి.”

మేజర్ మీసం సవరించుకున్నాడు. తొందరపడలేదు. పైకప్పు వైపు చూశాడు, అక్కడ గబ్బిలమేమైనా ఉందేమోనన్నట్టు. డైరెక్టర్ నుదుటి మీద చెమట జారి ముక్కు చివర వేలాడింది.

“ముందు గోడౌన్ సంగతి తేలితే,” అన్నాడు మేజర్, “జ్ఞాపకశక్తి కొంచెం బాగుపడుతుంది సార్.”

డైరెక్టర్ జేబులోంచి ఆర్డర్ తీసి నాలుగు ముక్కలు చేశాడు. మేజర్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ చాలాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కిరీటాన్ని పెట్టెలో పెట్టించి, అలారం ఎందుకు మోగిందో రాసిమ్మన్నాడు.

పదవిలో ఉండగా డైరెక్టర్ పెట్టిన ఆఖరి సంతకం ఆ రిపోర్టు మీదే. అందులో ఇంతే ఉంది: “అలారం పరీక్షించాం. ఐదున్నర. శ్రుతి తప్పలేదు.”